నోట పెట్టని నాడె

అక్క నోట్లోంచి రక్తం వచ్చి నేస్తున్న తెల్లగుడ్డ మీద పడింది. మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. గుడ్డ వంకే చూశాడు. మరక పడిన మేర కత్తిరించి పారేసి, మగ్గం మళ్లీ తిప్పమని చెయ్యి ఊపాడు. అక్క మూతి తుడుచుకుని తిప్పింది.

మరమగ్గాల షెడ్డు చూడని చదువుకునే పిల్లలు అడుగుతారని ముందే చెబుతున్నా. నాడె అంటే పడుగు దారాల మధ్య అటూ ఇటూ దూసుకెళ్లే చెక్క ముక్క. దాని కడుపులో దారం కండె ఉంటుంది. కండె మార్చినప్పుడల్లా నాడె పక్కనున్న కంతకు పెదాలు ఆనించి గట్టిగా పీలిస్తేనే దారం కొస బయటికొస్తుంది. దాంతోపాటు దూది నలుసులు, రంగు, అంతకుముందు పీల్చినవాళ్ల ఎంగిలి గొంతులోకి పోతాయి. మాలో ముందుపళ్లు పుచ్చనివాళ్లు లేరు. దీన్ని మేం ముద్దు అనేవాళ్లం. మొగుడికన్నా నాడెకే ఎక్కువ ముద్దులు పెట్టామని నవ్వుకునేవాళ్లం కూడా.

ఆ హోరులో అరిచినా వినపడదు. అందుకే గొంతు లేకుండా పెదాలు కదిపి మాట్లాడుకుంటాం. ఆ చివర ఎవరింట్లో కూర మాడిందో ఈ చివర తెలిసిపోతుంది. మేస్త్రీకి మాత్రం ఆ భాష రాదు.

అక్క ఆ నెలలోనే పోయింది. నాకు ఏడుపు రాలేదు. మర్నాడు పనికెళ్లాను.

కుళాయి దగ్గర వాదన జరుగుతోంది.

"సన్న కొక్కెం ఇస్తే దారం చేత్తోనే లాగొచ్చు. గట్టిగా అడుగుదాం," అంది నా పక్క మగ్గం వదిన.

"అడిగాంగా! కొక్కెంతో ఆలస్యమన్నాడు మేనేజరు. మన మూతులు వాడికి ఊరికే వస్తున్నాయిగా," అన్నాడు మగ్గాలకు నూనె వేసే తాత.

"పని పోతే పిల్లలకేం పెడతావే?" అంది ఇంకొకామె.

"పీనుగైతే ఏం పెడతావు?" అంది వదిన.

గంట కొట్టారు, లోపలికి పోయాం.

మేస్త్రీ అక్క కోడల్ని తీసుకొచ్చి అక్క మగ్గం దగ్గర నిలబెట్టాడు. అక్క నాడెనే చేతికిచ్చాడు. పీల్చమని సైగ చేశాడు.

"నోట పెట్టకే" అని పెదాలతో అన్నాను. కోడలు నన్ను చూసి నవ్వింది. కొత్తది, దానికి మా భాష రాదు. నాడె ఎత్తింది.

అరిచాను. వినపడలేదు. నా మగ్గం ఆపేశాను. అది చూసి తెల్లబోయి, కోడలు నాడెను మూతి దగ్గరే ఆపింది. షెడ్డులో హోరు తగ్గలేదు. వదిన వైపు తిరిగి పెదాలు కదిపాను. "ఆపండి. దానికి నా మాట వినపడాలి." వదిన ఆపి, అవతలి వరసకు చెప్పింది. వరస తర్వాత వరస మగ్గాలు ఆగాయి.

అందరూ నన్నే చూస్తున్నారు. చెప్పాల్సింది చెప్పాను. కోడలు అలాగే నిలబడింది.

"గొంతుతో చెప్పవే తల్లీ!" అని తాత కేకేశాడు.

అలవాటు కొద్దీ పెదాలే కదిపాను మరి! ఈసారి గొంతు పెగిలింది. "అమ్మాయ్, అది నోట పెట్టకు. మీ అత్తను చంపింది అదే."

మేస్త్రీ మొహం కందగడ్డలా అయింది. "ఎవరాపమన్నారు? తిప్పండి! ఏయ్ పిల్లా, పీల్చు!"

కోడలు నాడెను తిప్పి చూసింది. కంత చుట్టూ చెక్క నల్లబడి ఉంది. దాన్ని మెల్లగా మేస్త్రీ చేతిలో పెట్టింది.

"నాకు రాదండీ. ఒక్కసారి మీరు పీల్చి చూపించండి."

వాడు నాడెను మూతి దాకా తెచ్చి దించాడు. చొక్కా అంచుతో తుడిచి మళ్లీ ఎత్తాడు. పెదాలు బిగుసుకుపోయాయి.

వెనక వరసలో ఒకామె తన నాడె తీసుకొచ్చి వాడి కాళ్ల దగ్గర పడేసింది. తర్వాత వదిన. తర్వాత నేను. తర్వాత అందరం.

"కొక్కేలు ఇచ్చేదాకా మగ్గం తిరగదు," అంది వదిన.

మేనేజరు వచ్చి గేటుకు తాళం వేయించాడు, పోలీసులకు ఫోను చేశాడు. మేం మగ్గాల మధ్య నేల మీద కూర్చున్నాం. కోడలు నా పక్కన కూర్చుంది. కాసేపటికి బయట లారీ ఆగింది, బూట్లు దిగాయి. అన్నీ స్పష్టంగా వినపడుతున్నాయి. ఎవరం లేవలేదు.