బట్టలుతికే బండలో బంగారం

నిప్పు మాస్టారు ముప్పై ఏళ్లుగా జనం తెచ్చిన రాళ్లను కరిగించి, వాటిలో బంగారం ఎంతుందో తేల్చి చెబుతున్నాడు. ఇన్నేళ్లలో తేల్చిందంతా పోగేసినా భార్య ముక్కుపుడకకు చాలదు. అయినా ల్యాబులో ఆయన మాటకు తిరుగులేదు. బంగారం బాగా పడ్డ రాయిని కరిగించిన మూసలో, అంటే ఆ మట్టిపాత్రలో, ఇంకో రాయిని వేయొద్దని, దాన్ని పక్కన పారేయమని, కొత్తగా చేరినవాళ్ల చెవుల్లో జోరీగలా రొద పెట్టేవాడు.

అలాంటి మనిషికి ఇంటి వెనక గుట్టమీద మెరిసే రాయి దొరికింది. గుట్టుచప్పుడు కాకుండా పొడి కొట్టాడు. కొత్త మూస కావాలంటే స్టోరులో సంతకం పెట్టాలి, పెడితే ఎందుకని అడుగుతారు. అందుకని పారేసిన మూసల కుప్పలోంచి ఒకటి ఏరుకున్నాడు. రాతిపొడిలో సీసపు పొడి, సోడా, చిటికెడు పిండి కలిపి కొలిమిలో పెట్టాడు. అడుక్కి దిగిన సీసం ముద్దను ఎముకల బూడిదతో చేసిన చిప్పలో కాల్చితే, సీసాన్ని చిప్ప పీల్చేసుకుని చిన్న పూస మిగిలింది. పూసలోని వెండిని యాసిడ్ తినేసింది. మిగిలిన పసుపు నలుసును తూచి, అంత బరువా అని నమ్మలేక మాస్టారు మళ్లీ తూచాడు.

సాయంత్రానికి రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికెళ్లి, దాన్ని ఆఫీసరు ముఖాన ఎలా కొట్టబోతున్నాడో భార్యకు రెండుసార్లు వినిపించాడు. ఆవిడ అంతా విని, పెరట్లో బట్టలుతికే బండ అంచు పగలగొట్టి ముక్క చేతిలో పెట్టింది.

"దీన్నీ కరిగించి చూడండి. ఇందులో లేదని తేలితే అప్పుడు మీ ఇష్టం."

ఈవిడకు శాస్త్రం ఏం తెలుసని నవ్వుకుంటూ మర్నాడు పట్టుకెళ్లాడు. అదే కుప్ప, మరో మూస. మధ్యాహ్నానికి త్రాసులో పసుపు నలుసు పడింది. గుట్టరాయిలో కంటే పిసరంత ఎక్కువే.

దాచడమెందుకు, పెరడు ఎంత లోతు తవ్వాలో కాసేపు లెక్కేశాడు కూడా. ఆ తర్వాతే మూసను తిప్పి చూశాడు. లోపలి గోడకు అంతకుముందు కరిగించిన ఏదో గని రాయి గాజుపెంకులా అంటుకుని ఉంది. త్రాసులో పడ్డ బంగారం దానిదే. బయట ఎర్రమన్నుతో అడ్డంగా గీసిన గీత, పారేయాలన్న గుర్తు. గీసింది తనే.

ఇంటికొచ్చేసరికి ఆవిడ బండ దగ్గరే ఉంది.

"ఉందా?"

"గుట్టలో కంటే ఎక్కువే ఉంది," అని నీళ్లు నమిలాడు.

ఆవిడ నవ్వలేదు. అదే ఎక్కువ కాల్చింది. చొక్కా విప్పి పడేయమంది. జేబులో ఏమైనా ఉందా అని అడిగింది.

"ఏమీ లేదు."

ఆవిడ జేబు తడిమింది. లోపల కాగితం చేతికి తగిలింది. మాస్టారు మొహంలోకి ఓసారి చూసి, చొక్కాను నీళ్లలో ముంచి బండకేసి బాదింది.