ఇసకలో ఘాట్‌రోడ్డు

సుజనకు మొగుడితో వచ్చిన చిక్కల్లా ఒకటే. తిరుమల ఘాట్‌రోడ్డు మీద బండి నడపడం వచ్చినవాడు ఇంక లోకంలో నేర్చుకోవాల్సిందేమీ లేదని గిరిప్రసాద్ నమ్మకం. మిక్సీ చెడినా, కూతురు భానుశ్రీకి లెక్కల్లో మార్కులు తగ్గినా సలహా ఘాట్‌రోడ్డు మీది నుంచే దిగేది.

అట్లాంటాయన ఫోర్‌వీల్ జీపు కొన్నాడు. పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, ఆ ఆదివారమే తల్లినీ పెళ్ళాన్నీ కూతుర్నీ ఎక్కించుకుని చిత్తూరు నుంచి తూపిలిపాలెం సముద్రానికి బయలుదేరాడు. పూతలపట్టులో ఆగి టైర్లలో గాలి రాయిలా బిగించాడు.

తీరం చేరాక సుజన మెల్లగా మాట కదిపింది. "ఇసకలోకి దిగే ముందు గాలి తగ్గించాలంట. షోరూమాయన చెప్పినాడు. మీరప్పుడు అట్టతో చేసిన పెద్ద తాళంచెవి పట్టుకుని ఫొటో దిగతా ఉండారు."

"గాలి తీసేదా? రాంగ్ పార్కింగ్ చేసినోళ్ళకి పోలీసోళ్ళు తీస్తారు గాలి. నేనేం తప్పు చేసినానని?"

"వాడికి తెలీదా సుజనా! కొండకి ఎన్నిసార్లు తీసకపోయినాడు మనల్ని," అంది వెనక సీట్లోంచి అత్త సుబ్బులమ్మ.

జీపు ఇసకలో దిగింది. మనిషి జాడ లేని ఆ తీరంలో గిరిప్రసాద్ స్టీరింగు తిప్పినప్పుడల్లా హారన్ కొట్టాడు. నీళ్ళ అంచున సెల్ఫీకి ఆపాడు. మళ్ళీ బయలుదేరబోతే చక్రాలు తిరిగాయి గానీ బండి కదల్లేదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంకో జానెడు దిగబడింది.

"ఈడ ఇసక మంచిది కాదు," అన్నాడు. తర్వాత బరువు ఎక్కువైందన్నాడు. అందర్నీ దించాడు, పులిహోర డబ్బాను కూడా. చివరికి తల్లివైపు అదోలా చూశాడు.

"ఏంరా, కొండెక్కేటప్పుడు నేను దూదినా?" అంది సుబ్బులమ్మ.

ఒక అల వచ్చి వెనక చక్రాలను తడిపి పోయింది. తర్వాతది ఇంకా పైకొచ్చింది.

"నాయనా, బండిని సముద్రం ఎత్తకపోతాది!" భానుశ్రీ అరిచింది.

"చక్రాల కింద రాళ్ళు పెట్టండి!" కేకేశాడు గిరిప్రసాద్.

"ఇసకలో రాళ్ళు యాడుండాయి?" అంది సుబ్బులమ్మ.

సుజన చున్నీ నడుముకు చుట్టి చక్రం పక్కన కూర్చుంది. తలలోంచి పిన్ను తీసి గాలిమూతి నొక్కింది. బుస్సుమంది.

"ఏం చేస్తా ఉండావు?"

"మీకు ఫైనేస్తా ఉండాను."

నాలుగు టైర్లూ మెత్తబడేలోగా సుబ్బులమ్మ పులిహోర డబ్బా మూతతో, భానుశ్రీ చేతులతో చక్రాల ముందు ఇసక తోడేశారు. లైసెన్సు ఉన్నా ఆ జీపులో అంతవరకు పక్క సీటే దక్కిన సుజన స్టీరింగు ముందు కూర్చుంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలమిచ్చే ఫోర్‌వీల్ మీటకు ప్లాస్టిక్ తొడుగు కూడా ఊడలేదు. దాన్ని చింపి, మీట వేసి, మెల్లగా కదిలించింది. జీపు ఒకసారి మూలిగి, గట్టి నేల మీదికి పాకింది. వెనకే ఒక పెద్ద అల వచ్చి చక్రాల గుంతలు పూడ్చేసింది.

మోకాళ్ళదాకా తడిసిన ప్యాంటుతో గిరిప్రసాద్ వచ్చాడు. "ఆ షోరూమోడు నాకు చెప్పుండాల్సింది," అన్నాడు.

సుబ్బులమ్మ మూతకంటిన ఇసక దులుపుతూ కోడలి దగ్గరికి నడిచింది.

"తప్పు నాదే సుజనా. వీనికన్నీ తెలుసని చిన్నప్పట్నించీ చెప్తా వచ్చింది నేనే."