కౌంటరు మీద గంట

"అనాథ పిల్లల కోసం అయిదు రూపాయలు ఇస్తారా అండీ?"

అమలాపురంలో వీరవెంకటరమణ గారి సూపర్ బజారులో, బిల్లు కొట్టే కౌంటరు దగ్గర నిలబడి, సరోజిని వచ్చిన ప్రతి మనిషినీ ఈ మాట అడిగేది. అది రెండువేల ఆరో సంవత్సరం. మెల్లగా అడగకూడదు. వరుసలో చివర ఉన్నవాళ్ళకు కూడా వినబడాలి. ఇస్తే కౌంటరుకు కట్టిన ఇత్తడి గంట మోగించాలి, ఇవ్వకపోతే మోగించకూడదు. ఎవరు ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో బజారంతటికీ తెలిసిపోవాలన్నది యజమాని ఎత్తు. ఆయనకు కోనసీమ మనిషి సంగతి బాగా తెలుసు. ఇక్కడి మనిషి పస్తయినా ఉంటాడు గాని, ఎదుటివాళ్ళు అండీ అని అడిగితే ముఖం మీద లేదనలేడు. ఆ మొహమాటానికే ఆయన తాడు కట్టి గంటను వేలాడదీశాడు.

మొదట్లో సరోజినికి ఇందులో తప్పేమీ కనిపించలేదు సరికదా, గర్వంగా కూడా అనిపించింది. ఆమె తల్లి మార్తమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తుంది. ఇంట్లో ఉన్నది రెండు గిద్దెలే అయినా ఆ పిడికెడు మానదు. ఆదివారం ప్రార్థనకు వెళ్ళినప్పుడు ఆ బియ్యం గుళ్ళో సంచిలో పోస్తే, పేటలో పొయ్యి వెలగని ఇంటికి వెళతాయి.

"మన పిడికెడు బియ్యం లాంటిదేనమ్మా మా గంట కూడా," అంది సరోజిని.

"సంచిలో పోసేక ఎవరి పిడికెడు ఎవరిదో దేవుడికి తప్ప తెలీదే. మరి మీకు గంటెందుకు?"

"మోగితే ఇంకోళ్ళు కూడా ఇస్తారని."

మార్తమ్మ చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

సరోజినికి కూడా అంతకు మించి ఆలోచించే తీరిక లేదు. భర్త శ్యామ్ బాబు కొబ్బరి దింపుకు వెళ్ళి చెట్టు మీంచి పడి రెండేళ్ళుగా మంచం మీద ఉన్నాడు. ఆ బజారు జీతమే ఇంటికి ఆధారం.

ఒక శుక్రవారం సాయంత్రం కౌంటరు దగ్గరికి జ్ఞానమ్మ వచ్చింది. సరోజిని వాళ్ళ పేట మనిషే. కొబ్బరి పీచు తాళ్ళు పేనుకుని బతికే ముసలమ్మ. కూతురూ అల్లుడూ పోయాక మనవరాలు క్రిస్టీనాను ఊరి చివర అనాథ పిల్లల హాస్టల్లో చేర్చి, ఆదివారం ఆదివారం వెళ్ళి చూసి వస్తుంది. ఆమె బుట్టలో పంచదార పొట్లం, ఒక గంధం సబ్బు ఉన్నాయి.

"మా క్రిస్టీనాకమ్మా. వాసన సబ్బు తెమ్మని ఆర్నెల్ల నుంచి అడుగుతోంది," అంటూ కొంగు ముడి విప్పింది. ఆ రెంటికీ సరిపడా తెచ్చుకుంది, అంతే.

సరోజిని అడగకుండా ఊరుకోవచ్చు. కానీ మూడడుగుల దూరంలో యజమాని నిలబడి ఉన్నాడు. ఎవరి గంట తక్కువ మోగితే వాళ్ళను శనివారం నాడు అందరి ముందూ నిలబెడతాడు. సరోజిని అడిగింది.

జ్ఞానమ్మ వెనక్కి చూసింది. ఆరుగురు ఆమెనే చూస్తున్నారు.

"ఆయ్, పిల్లలకి కదమ్మా, ఇస్తాను," అని, సబ్బును పక్కకు జరిపి, "ఇది తీసెయ్యమ్మా," అంది.

సరోజిని గంట కొట్టింది. వీరవెంకటరమణ గారు మెచ్చుకోలుగా తల ఊపాడు.

నెల తిరిగేసరికి ఆ హాస్టల్ ఆవరణలోనే సభ పెట్టారు. ఆదివారమైనా బజారు పనివాళ్ళను యూనిఫారాలతో రమ్మన్నారు. షామియానా, మైకు, వీడియో, గేటు కంటే పొడవైన ఫ్లెక్సీ. దాని నిండా చేతులు జోడించిన వీరవెంకటరమణ గారి ముఖం, కింద 'దానశీలి' అని బంగారు రంగు అక్షరాలు. సబ్బుల పళ్ళెం పట్టుకోమని సరోజినికి ఇచ్చారు. గుడ్డ తొలగించి చూస్తే అన్నీ వేలెడంత సబ్బులు. ఒక్కొక్క దాని మీద 'ఉచితం, అమ్మకానికి కాదు' అని అచ్చు వేసి ఉంది.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆ సబ్బులు బట్టల పొడి పాకెట్లకు అంటించి వచ్చినవి. కొన్నవాళ్ళకు ఊరికే దక్కవలసినవి. గోడౌన్లో కూర్చుని ఆమే తన చేతులతో వాటిని ఊడదీసింది. ఎందుకండీ అని అడిగితే, ఒక మంచి పనికి దాస్తున్నామని చెప్పారు.

వార్డెను సాలమోను గారిని పక్కకు పిలిచి, "డబ్బులేమన్నా ఇచ్చేరాండి?" అని అడిగింది.

"సబ్బులూ, బిస్కెట్లూనమ్మా. వసూలైందంతా షామియానాకీ, ఫ్లెక్సీకీ, వీడియోకీ సరిపోయిందన్నారు. గట్టిగా అడిగితే వచ్చే ఏడు ఇవి కూడా రావు," అన్నాడాయన తల దించుకుని.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి సబ్బు తీసుకుని వీరవెంకటరమణ గారి కాళ్ళకు దణ్ణం పెట్టారు. క్రిస్టీనా కూడా పెట్టింది. వెలుతురు సరిగ్గా పడలేదని వీడియో అతను ఆ పిల్ల చేత మళ్ళీ పెట్టించాడు.

వెనక నిలబడ్డ జ్ఞానమ్మ సరోజిని పక్కకు వచ్చింది. ఆమె ముఖంలో కోపం లేదు. అదే సరోజినిని చంపేసింది.

"నేనిచ్చిన దానికి నా మనవరాలు ఆయన కాళ్ళట్టుకుందమ్మా, రెండుసార్లు," అంది ముసలమ్మ. "ఆవేళ నేను లేదనుంటే దాని చేతిలో మంచి సబ్బుండేది."

ఆ గంట కొట్టింది నేనే కదా అని సరోజిని సిగ్గుపడింది. పళ్ళెంలో మిగిలిన ఒక సబ్బు తీసి కొంగున కట్టుకుంది.

చదువరులారా, ఇవ్వడం మనవాళ్ళకు ఒకరు నేర్పనక్కరలేదు. మార్తమ్మ డబ్బాలో పిడికెడు ఏనాడూ తప్పలేదు. అలాంటివాళ్ళను నలుగురిలో నిలబెట్టి, సిగ్గు పెట్టి పిండుకోవడం ఏ పుణ్యమో పెద్దలు చెప్పాలి.

సోమవారం పొద్దున్న వీరవెంకటరమణ గారు ఇంటికని జీడిపప్పు పొట్లాలు తెచ్చి సరోజిని కౌంటరు మీద పెట్టాడు. వరుసలో తొమ్మిది మంది ఉన్నారు. సరోజిని బిల్లు కొట్టి, ఆయన నేర్పిన గొంతుతోనే అడిగింది.

"అనాథ పిల్లల కోసం అయిదు రూపాయలు ఇస్తారా అండీ?"

ఆయన నవ్వాడు. "నన్నా?"

"ప్రతి మనిషినీ అడగమన్నారు కదండీ. నెల నుంచీ తవర్ని ఒక్కరినే అడగలేదండి."

నవ్వు ఆగిపోయింది. ఆయన గొంతు తగ్గించి, "ఇంట్లో పడుకున్న మొగుణ్ణి గుర్తుపెట్టుకుని మాట్లాడు," అన్నాడు.

"ఆయన గుర్తున్నారు కాబట్టే నెల రోజులు ఈ గంట కొట్టేనండి."

"నేనేం ఇచ్చేనో నిన్న ఊరంతా చూసింది."

సరోజిని కొంగు విప్పి ఆ చిన్న సబ్బును అందరికీ కనబడేలా కౌంటరు మీద పెట్టింది. "ఈ సబ్బు బట్టల పొడి కొన్నవాళ్ళదండి, నా చేత్తో నేనే ఊడదీసేను. ఆ అయిదేసి రూపాయలు ఇదిగో, వీళ్ళవండి. ఇందులో తవరిదేదో చెప్పండి, ఇప్పుడే గంట కొడతాను."

వరుసలోంచి ఎవరో, "మరేనండి, చెప్పండి," అన్నారు. అందరూ ఆయననే చూస్తున్నారు. ఇన్నాళ్ళూ జ్ఞానమ్మ లాంటివాళ్ళు నిలబడ్డ చోట ఆ పూట ఆయన నిలబడ్డాడు.

సరోజిని తాడు ముడి విప్పి గంటను ఆయన జీడిపప్పు పక్కన పెట్టింది. రేపటి నుంచి ఇల్లు ఎలా గడుస్తుందో ఆమెకు తెలియదు. భయం వేసింది.

"లేనివాళ్ళ చేత ఇప్పించి తమ పేరు రాసుకోడాన్ని మా ఇళ్ళల్లో దానం అనరండి," అంది. "దొంగతనం అంటారండి."