మూరెడు సందు

మా ఆయన బడే సాహెబ్ బతికున్నన్నాళ్ళూ మేకల కొట్టం కప్పు గురించి ఎవరూ ఆలోచించాల్సిన అవసరం రాలేదు. ఏటా మార్చి నెలలో ఆయనా, పఠాన్ కాపరి అమీర్ జానూ కలిసి పాత ఖర్జూరపు మట్టలు లాగేసి కొత్తవి కప్పి తాళ్ళతో బిగించేవారు. నేను కింద నిలబడి మట్టలు అందించేదాన్ని. కొట్టం గోడలు ఇటుకవి. కప్పు మాత్రం గోడల మీద ఆనేది కాదు, ఇనప స్తంభాల మీద నిలిచేది. గోడకూ కప్పుకూ మధ్య చుట్టూరా మూరెడు సందు ఉండేది. మధ్యాహ్నం పూట అందులోంచి గాలి ఈలవేసుకుంటూ పోయేది.

రాస్ అల్ ఖైమాలో కొండల కింద మా యజమానురాలు ఆయిషా వాళ్ళ తోట అది. పనివాళ్ళమంతా ఆమెను మామా అని పిలుస్తాం. ఎనభై మేకలు. మా ఆయన వాళ్ళ కారు నడిపేవాడు, నేను వంట చేసేదాన్ని. రాయచోటి నుంచి ఇద్దరమూ ఒకే ఇంటి వీసా మీద వచ్చామని మా వాళ్ళు మమ్మల్ని చూసి అసూయపడేవారు.

2020 జూన్‌లో, కరోనా రోజుల్లో ఆయన పోయాడు. విమానాలు లేవు. ఇక్కడే మట్టి చేశారు. నలుగురికి మించి రాకూడదన్నారు. ఆయన మేనల్లుడు రమీజ్ అబుదాబిలో ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేటలో పనిచేసేవాడు. దారి పొడవునా పోలీసులకు కాగితాలు చూపించుకుంటూ అక్కడి నుంచి ఒక్కడే వచ్చాడు. గోతిలోకి దిగి మామను పడుకోబెట్టింది వాడే. బయటికొచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "అత్తా, ముఖం పడమటికే తిప్పినా, కప్పిన గుడ్డ నేనే సర్దినా" అని చెప్పాడు. ఆ మాట నేను చచ్చేదాకా మరిచిపోలేను.

తర్వాత అమీర్ జాన్ ఒక్కడే మూడేళ్ళు ఏవో పాత మట్టలతో అతుకులు వేస్తూ నెట్టుకొచ్చాడు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన గాలివానకు సగం కప్పు లేచి పక్క తోటలో పడింది. మామా కొడుకు సాలిం వచ్చి చూసి, "ఖలాస్, ఇక మట్టలు వద్దు. బక్రీద్ లోపల రేకులు వేయించండి" అన్నాడు.

అమీర్ జాన్ నవ్వాడు. "భాభీ, మేకలకు మేడ కడుతున్నారు. నా గదికి మాత్రం ఆ తుప్పు పట్టిన తలుపే."

ఇద్దరు కంట్రాక్టర్లు వచ్చారు, ఇద్దరూ తెలుగువాళ్ళే. మామా నన్ను పిలిచింది. "యా హుస్సేనా, వీళ్ళది నీ భాష. నువ్వే మాట్లాడు. ఎవరు మంచివాడో చెప్పు, వాడికే ఇస్తాం." ఇద్దరూ అడిగిన డబ్బు దాదాపు ఒకటే. కాబట్టి మాట నాదే.

మొదటివాడు భోజన్న. జగిత్యాల వైపు మనిషి, ముప్పై ఏళ్ళుగా ఇక్కడే రేకుల పని చేస్తున్నాడు. వచ్చీ రాగానే కొట్టం లోపలికి పోయి ఊరికే నిలబడ్డాడు. నేను చాయ్ తెచ్చేసరికి కూడా అట్లాగే నిలబడి ఉన్నాడు.

"ఏం చూస్తున్నావన్నా?"

"చూస్తలేనక్కా, గాలి ఎటు నుంచి వస్తుందో పట్టుకుంటున్న" అన్నాడు. "మట్టకు రేకుకు మస్తు ఫరక్ ఉంటది. మట్ట ఎండను తాగుతది, రేకు ఎండను కిందికే దించుతది. అందుకని నడుమ ఫోమున్న రేకులు ఎయ్యాలె. స్తంభాలు ఇంకో మూరెడు లేపాలె. గోడ మీది సందు మాత్రం వేలు మందం కూడా మూయొద్దు."

"ఎన్ని రోజులు పడుతుంది?"

"ఆరు. పన్నెండున్నర నుంచి మూడు దాకా మా పోరలను మీదికి ఎక్కియ్య. కానూన్ ఉన్నది గదా. లేకున్నా ఎక్కియ్య."

నాకు తెలుగు చదవడం వచ్చని తెలిసి ఇవన్నీ ఒక కాగితం మీద రాసిచ్చాడు. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. అంటే తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

రెండోవాడు రమీజ్. వాడు అప్పటికి ఐకాడ్ వదిలి, భాగస్వామితో కలిసి షెడ్లు వేసే పని మొదలుపెట్టి ఏడాదయింది. వస్తూనే నా చేతులు పట్టుకున్నాడు.

"అత్తా, ఈ పని నాకిప్పిస్తే సాలిం సారు పేరు చెప్పుకొని ఇంకో నాలుగు తోటలు పట్టుకుంటా. రెండు దినాల్లో ఖలాస్. నువ్వు గడపలో కూచొని చూస్తా ఉండు చాలు."

"భోజన్న ఆరు రోజులంటున్నాడే."

"ముసలోళ్ళకు ఆరు పడతాయిలే అత్తా. నీళ్ళు తాగేదానికే రెండు దినాలు పోతాయి."

నవ్వాను. వాడి చేతులు చూస్తుంటే నాకు ఆ గోయి గుర్తొచ్చింది. మామా దగ్గరికి వెళ్ళి, "రమీజ్ మంచివాడు, నా సొంత మనిషి" అని చెప్పాను. భోజన్నకు ఫోన్ చేసి వద్దన్నప్పుడు ఆయన కోపగించుకోలేదు. "సరే అక్కా. సందు మాత్రం మూయనియ్యకు" అని పెట్టేశాడు.

పని రెండో రోజు సాయంత్రం అమీర్ జాన్ వంటింటి కిటికీ దగ్గరకు వచ్చాడు. "భాభీ, రేకులు నేరుగా గోడ మీదికి దించేస్తున్నాడు. హవా ఎటు పోతుంది? ఒకసారి చెప్పు. నేను చెబితే వినడు."

వెళ్ళాను. రమీజ్ నిచ్చెన మీద ఉన్నాడు. ఫోము రేకులు కావు, మామూలు రేకులే. స్తంభాలు లేపలేదు. "రమీజూ, సందు వదలాలంట కదరా" అన్నాను.

"సందు వదిల్తే ఇసక పడుతుందత్తా, పిల్లులు దూరుతాయి. చూసేదానికీ బాగుండదు. ఎవరు చెప్పినారు నీకు, ఆ పఠానా? మేకలతో మాట్లాడీ మాట్లాడీ ఇంజనీరైనాడా ఏంది?"

పైనున్న కుర్రాళ్ళు నవ్వారు. అమీర్ జాన్‌కు తెలుగు రాదు కానీ నవ్వు ఎవరి మీదో తెలిసింది. మేనల్లుణ్ణి పనివాళ్ళ ముందు నిలదీయడం నాకు చేతకాలేదు. "నీకు తెలుసులే" అని లోపలికి వచ్చేశాను. తెల్లగా మెరిసే కప్పు చూసి మామా మురిసిపోయింది.

జూలై మూడో వారంలో ఒకరోజు ఉదయం మామా అమీర్ జాన్‌ను గడ్డి తెమ్మని సంతకు పంపింది. తొమ్మిదేళ్ళుగా చేస్తున్నట్టే మేకలను కొట్టంలోకి తోలి, రోడ్డు మీదికి పోకుండా తలుపు వేసి, ఎండ ముదరక ముందే వచ్చేస్తాననుకుని వెళ్ళాడు. వాడెక్కిన బండి దారిలో చెడిపోయింది. తిరిగి వచ్చేసరికి రెండు దాటింది. వాడి కేక విని పరుగెత్తాను. వాడు తెరిచిన తలుపులోంచి తందూరు మూత తీసినట్టు సెగ కొట్టింది. పదకొండు మేకలు పడి ఉన్నాయి. నాలుగు చూలువి. మిగిలినవి గోడకు నోళ్ళు ఆనించి రొప్పుతున్నాయి. అమీర్ జాన్ ఒక్కొక్కదాన్నే చంకలో ఎత్తుకుని చెట్ల కిందికి మోశాడు. నేను బిందెలతో నీళ్ళు పోశాను.

సాయంత్రం సాలిం వచ్చాడు. "ఈ ఎండలో తలుపెందుకు మూశావ్?" అని అరిచాడు. అమీర్ జాన్ తనకొచ్చిన అరబీలో, "ఎప్పుడూ మూస్తాను బాబా. అప్పుడు గాలి ఉండేది. పైకప్పు..." అని చెప్పబోయాడు.

సాలిం నావైపు తిరిగాడు. "హుస్సేనా, పని దగ్గరుండి చూసింది నువ్వు. కప్పులో ఏమైనా లోపముందా?"

మధ్యాహ్నమే రమీజ్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పాను. వాడు ఏడ్చినంత పని చేశాడు. "అత్తా, నా పేరొస్తే ఎవురూ పనియ్యరు. అప్పు చేసి పెట్టిన ధంధా. నీ కాళ్ళు పట్టుకుంటా." అదే చెవిలో ఉంది. అమీర్ జాన్ నన్నే చూస్తున్నాడు.

"కప్పు బాగానే ఉంది బాబా" అన్నాను.

అమీర్ జాన్ బిందె ఎత్తుకుని చెట్ల కింది మేకల దగ్గరికి వెళ్ళిపోయాడు. నన్ను ఒక మాట అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. వారంలో వాడి వీసా క్యాన్సిల్ చేసి వాళ్ళ దేశానికి పంపేశారు. బయల్దేరే ముందు వంటింటి వైపు రాలేదు. వాడి కోసం గుడ్డలో కట్టి ఉంచిన రొట్టెలు అట్లాగే ఉండిపోయాయి.

కొత్త కాపరి తలుపు మూయడు. మేకలను చెట్ల కిందే కట్టేస్తాడు. కొట్టం వట్టిదే. ఆగస్టులో ఒకరోజు మామా, "ఇంత ఖర్చు పెట్టి కట్టింది ఎవరికోసం?" అని నవ్వుతూ అంది. ఆ నవ్వుకు ఉండబట్టలేక మొత్తం చెప్పేశాను. భోజన్న రాసిచ్చిన కాగితం, సందు, నా అబద్ధం, అన్నీ.

మామా చేతిలోని తస్బీ మాల పక్కన పెట్టింది. "ఆ రోజు చెబితే సరిపోయేది కదా, హుస్సేనా. నేను నీ మేనల్లుణ్ణి ఉరి తీస్తానా?" అంది. సాలింకు కూడా నా చేతే చెప్పించి, అమీర్ జాన్‌కు కొత్త వీసా పంపిస్తానంది. భోజన్నను పిలిపించి స్తంభాలు లేపించింది. రమీజ్ నాతో మాట్లాడటం మానేశాడు.

అమీర్ జాన్ నంబరు ఇక్కడి నఖీల్ బజారులో టైర్ల దుకాణంలో పనిచేసే వాళ్ళ ఊరతని దగ్గర దొరికింది. ఫోన్ ఎత్తాడు. వెనక లారీల చప్పుడు. అక్కడ బస్తాలు మోసే పనిలో చేరాడట.

"భయ్యా, మామా మళ్ళీ రమ్మంటోంది. వీసా పంపుతుంది. తప్పు నాదని చెప్పేశాను."

"ఎవరికి చెప్పావు?"

"మామాకి. సాలింకి కూడా."

"మంచిది భాభీ." ఎవరికో బస్తాలు దించమని చెప్పి మళ్ళీ ఫోన్‌లోకి వచ్చాడు. "ఆ రోజు సాలిం ఏమంటాడో అని నాకు భయం లేదు. నువ్వు ఏమంటావోనని చూశాను. బడే భాయ్ ఉన్నప్పటి నుంచి నీ చేతి రొట్టె తిన్నాను కదా."

"వచ్చెయ్ భయ్యా" అన్నాను.

"నేను రాను" అన్నాడు. "కొత్తవాడికి చెప్పు, మధ్యాహ్నం తొట్లో నీళ్ళు పోయొద్దని. కాగిపోతాయి. అసర్ నమాజు తర్వాత, పొద్దు వాలాక పోయమను."

అయినా మామా తీయించిన వీసా కాగితాలు రెండు నెలలు సాలిం దగ్గరే ఉన్నాయి. అమీర్ జాన్ రాలేదు. గడువు దాటిపోయింది.