పైపు పక్కన బోనులు

సున్‌రే ఇంటి పెరట్లో ఎనభై క్యాబేజీలు ఉప్పునీళ్ళలో నాని, తెల్లారేసరికి మెత్తబడి కూర్చున్నాయి. శీతాకాలానికి సరిపడా కిమ్చీ, అదే పులిసే క్యాబేజీ పచ్చడి, పెట్టే రోజు. సాయానికి వచ్చిన మిరాన్ చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, ఒక్కో ఆకు విప్పి కారం పూస్తోంది. మిరాన్ విశ్వవిద్యాలయంలో మెదడు మీద పరిశోధన చేస్తుంది. అదే ప్రయోగశాలలో ఎలుకల గది చూసుకునేది సున్‌రే. తనకంటే పదిహేనేళ్ళు పెద్దది కాబట్టి మిరాన్ ఆమెను అక్కా అని పిలుస్తుంది. సున్‌రే మాత్రం ఎంత చెప్పినా డాక్టరమ్మా అనడం మానదు.

"డాక్టరమ్మా, అది క్యాబేజీ. మెదడు కాదు. అంత నాజూగ్గా పూస్తే వచ్చే ఏటికి కూడా అవదు."

"ప్రతి ఆకుకీ అందాలి కదక్కా."

"అందుతుందిలే. కూరి పడెయ్."

తలుపు తీసి ఉన్న గదిలో, నేల కిందనుంచి వేడి బాగా తగిలే మూలన, సున్‌రే భర్త పాన్‌గిల్ దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. మూడేళ్ళ కిందట లారీ దిగుతూ పక్షవాతం వచ్చి పడిపోయినవాడు. అప్పటినుంచి ఎడమ చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. వెల్లుల్లి గడ్డను మోకాలి కింద నొక్కిపట్టి కుడిచేత్తో రెబ్బలు ఒలుస్తున్నాడు.

"మరదలుగారూ, నా మందు ఎంతదాకా వచ్చింది?" అని అడిగాడు. కలిసినప్పుడల్లా అడిగేదే.

"సోమవారం వ్యాసం పంపించేస్తున్నాం బావగారూ. అయినా చెప్పాను కదా, అది పడ్డ వెంటనే ఇవ్వాల్సిన మందు. మీ చేతికి పనికిరాదు."

"నా చేతి సంగతి వదిలెయ్. మా తమ్ముడు నాకంటే ఎక్కువ తాగుతాడు. వాడి కోసం ఓ సీసా దాచిపెట్టు."

"ముందు ఆ వెల్లుల్లి కానివ్వు," అంది సున్‌రే.

మిరాన్ ఏడేళ్ళుగా ఒకే విషయం పట్టుకుని కూర్చుంది. మెదడుకు రక్తం అయిదు నిమిషాలు ఆగిపోతే అక్కడి కణాలు అప్పటికప్పుడు చచ్చిపోవు. మూడు రోజులు చూడ్డానికి బాగానే ఉండి, నాలుగో రోజుకు రాలిపోతాయి. ఆ మూడు రోజుల గడువులో ఏదో ఒకటి చెయ్యవచ్చునని ఆమె నమ్మకం. కొండల్లో దొరికే ఒక వేరునుంచి తీసిన మందును, ఆపరేషన్‌తో మెదడుకు అలా రక్తం ఆపిన మంగోలియా ఎలుకలకు ఇచ్చి చూసింది. మందు ఇవ్వనివాటిలో నూటికి ఎనిమిది కణాలు మిగిలితే, ఇచ్చినవాటిలో అరవై మిగిలాయి. ఆ అంకె చూసిన రోజు ఆమె సూక్ష్మదర్శిని ముందునుంచి లేచి, కారిడార్‌లో ఆ చివరినుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచింది.

"ఈయనతో వేగలేకపోతున్నాను. ఆ మూల వదిలి అన్నానికి రమ్మన్నా రాడు," అంది సున్‌రే.

"జబ్బు మనిషికి వెచ్చని చోటు ఇవ్వకపోతే ఎవరికిస్తారు?" అన్నాడు పాన్‌గిల్.

"ఇస్తానయ్యా. ఎలుకలకే ఇస్తున్నాను, నీకివ్వనా?"

మిరాన్ నవ్వింది. "ఎలుకలకేమిచ్చావక్కా?"

"ఆపరేషనైన రోజు కొన్ని ఒకచోట నిలవకుండా పరిగెడుతూనే ఉంటాయి చూడు. పాపం, ఎంత బాధో. సాయంత్రం వెళ్ళేముందు వాటి బోనులు తీసి వేడినీళ్ళ పైపు పక్కన పెడతాను. హాయిగా పడుకున్నవాటిని కిటికీవైపు జరుపుతాను. పొద్దున మీరొచ్చేలోపల ఎక్కడివక్కడ సర్దేస్తాను. నంబర్లు తారుమారు చెయ్యనులే, భయపడకు."

కారం పూస్తున్న మిరాన్ చేతులు ఆగిపోయాయి.

పరిగెత్తేవి మందు పడనివి. ఆ మందు మత్తెక్కిస్తుంది కాబట్టి అది పడ్డవి పడుకుంటాయి. పడుకున్నవి కిటికీ చలికి రెండు మూడు డిగ్రీలు చల్లబడి ఉంటాయి. చల్లబడ్డ మెదడులో కణాలు తక్కువగా చస్తాయని ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. అందుకే ఆపరేషన్ చేసినంతసేపూ ఒంటి వేడి ముప్పై ఏడు దాటకుండా, తగ్గకుండా మిరాన్ కాపలా కాసింది. ఆ తర్వాత చేతులు కడుక్కుని ఇంటికి వెళ్ళిపోయింది.

"ఎన్నాళ్ళనుంచి అక్కా?"

"చలి మొదలైనప్పటినుంచి. కిందటేడూ అంతే." సున్‌రే తలెత్తి ఆమె ముఖం చూసింది. "ఏమైంది?"

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన మిరాన్‌కు వచ్చింది, కాసేపు ఉంది కూడా. మార్చిలో ఆమె ఉద్యోగం కమిటీ ముందుకు వెళుతుంది. చేతిలో అచ్చైన వ్యాసం ఉంటే పర్మనెంటు, లేకపోతే అనుమానమే. ఎదురుగా పాన్‌గిల్ మరో గడ్డను మోకాలి కింద నొక్కుతున్నాడు.

"కణాలను మందు కాపాడిందో, కిటికీ కాపాడిందో నాకిప్పుడు తెలియదక్కా," అంది చివరికి. అదెలాగో విడమరిచి చెప్పింది.

సున్‌రే తొడుగులు విప్పేసింది. "వెచ్చగా పెట్టి నేనే చంపానా వాటిని?"

"తప్పు నాది. ఆపరేషన్ తర్వాత వేడి కొలవాలని నాకు తోచలేదు."

 పాన్‌గిల్ దుప్పటి మెల్లగా మెడదాకా లాక్కున్నాడు. "అయితే ఇప్పుడు నన్ను కిటికీ దగ్గరికి జరుపుతావా ఏంటి?"

"నోరు మూసుకుని వెల్లుల్లి ఒలువు," అంటూనే సున్‌రే నవ్వింది. కళ్ళు తుడుచుకోబోయి చేతికి అంటిన కారం గుర్తొచ్చి ఆగింది. మిరాన్ తన మోచేతి మీది బట్టతో ఆమె కళ్ళు తుడిచింది.

సోమవారం పొద్దున విభాగాధిపతి చోన్ అంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆవిణ్ణి మార్చేద్దామా?"

"ఆవిడ చెప్పబట్టి ఆగాం సార్. లేకపోతే తప్పు లెక్క అచ్చయ్యేది."

"మార్చిలో కమిటీ సంగతి గుర్తుందా?"

"ఉంది."

"ఫిబ్రవరి ఆఖరుదాకా చూస్తాను," అని ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు.

మళ్ళీ మొదటినుంచి. ఈసారి ఒక్కో ఎలుకకూ ఒక రోజంతా అరగంటకోసారి ఒంటి వేడి కొలవాలి. ముప్పై ఏడు దగ్గర నిలపాలి. మిరాన్, సున్‌రే వంతులు వేసుకున్నారు. కొత్తగా ఏ ఎలుకకు మందు పడిందో ఇద్దరికీ తెలియకుండా పక్క గదివాళ్ళ చేత ఇంజెక్షన్లు ఇప్పించారు. ఏది ఏ గుంపుదో రాసిన చీటీ చోన్ బీరువాలో ఉంది.

సున్‌రేకు అన్నిటికంటే కష్టమైనది ఊరికే కూర్చోవడం. పరిగెత్తేవాటిని చూస్తూ రెండు చేతులూ తొడల కింద పెట్టుకునేది. పడుకున్నవి చల్లబడుతుంటే వాటి మీదికి వేడి దీపం జరపాల్సి వచ్చేది.

"హాయిగా నిద్రపోయేదానికి దీపం. అల్లాడిపోయేదానికి ఏమీ లేదు. ఇదెక్కడి న్యాయం డాక్టరమ్మా?"

"ఎంతుందో రాయక్కా."

"ముప్పై ఆరు పాయింట్ తొమ్మిది. రాశాను. తిట్టుకుంటూ రాశాను."

ఫిబ్రవరి మూడో వారానికి ఎలుకల మెదడు ముక్కలు పరిచిన గాజు పలకలన్నీ సిద్ధమయ్యాయి. ఊరి పక్క సరస్సు మీదనుంచి వచ్చిన పొగమంచు మధ్యాహ్నమైనా కిటికీ వదల్లేదు. మిరాన్ సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి అంకెలు చెబుతుంటే, సున్‌రే పుస్తకంలో రాసింది. కొన్ని పలకల్లో కణాల వరుస ఉండాల్సిన చోట బోసిగా ఉంది. కొన్నిటిలో అక్కడక్కడా గుండ్రంగా, నిండుగా కణాలు నిలబడి ఉన్నాయి. బతికున్న కణాన్ని ఇన్నేళ్ళ తర్వాత చూసినా ఆమెకు ఒకలాంటి ఊరట. పలకల నంబర్లు పక్క గదివాళ్ళు మార్చేశారు, ఇవి ఏ గుంపువో తెలియదు కాబట్టి ఆ ఊరటను మింగి, తరవాతి పలక పెట్టింది.

చీటీ చోన్ స్వయంగా తెచ్చాడు. లెక్క తేలేదాకా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"మందు లేనివాటిలో నూటికి ఏడు," అంది మిరాన్.  "ఉన్నవాటిలో ఇరవై ఏడు."

"ఇరవై ఏడు," అని చోన్ ఒకసారి అనుకున్నాడు. "వేడి పట్టిక కూడా జతచెయ్. అరవై ఎందుకు తప్పో కూడా రాసెయ్, దాచకు. కమిటీ నిన్ను ఇదే అడుగుతుంది, నేనూ ఇదే చెబుతాను." తలుపు దగ్గర ఆగి సున్‌రే వైపు చూశాడు. "పట్టికలో మీ చేతిరాత నాదానికంటే బాగుంది."

ఆయన వెళ్ళాక సున్‌రే పుస్తకం మూయలేదు.

"అయితే అరవై పోయినట్టేనా?"

"పోయిందక్కా. అందులో ఇరవై ఏడే మందువి. మిగతావి కిటికీవి."

"కిటికీవీ బతికినవేగా?"

మిరాన్ ఆమె వైపు తిరిగింది.

"నాకు చదువు లేదు, తప్పయితే చెప్పు," అంది సున్‌రే. "మందూ వేసి, చల్లగానూ ఉంచితే అరవై వచ్చాయి. అది జరిగిందేగా? మనం కావాలని చెయ్యలేదు, అంతే. కావాలని చేస్తే?"

మిరాన్ కొత్త కాగితం లాక్కుని నాలుగు గళ్ళు గీసింది. మందు, చలి, రెండూ, ఏదీ లేనిది. 

సున్‌రే సంచిలోంచి అన్నం డబ్బాలు తీసింది. నవంబరులో పెట్టిన కిమ్చీ ఇప్పటికి బాగా పులిసింది. మూత తీయగానే గదంతా వాసన కమ్మింది.

"చూశావా, నువ్వు ఆకు ఆకుకీ పూసినవి ఇవే. ఇవే బాగా కుదిరాయి. మీ బావగారికి చెప్పకు, నిన్ను నెత్తికెక్కించుకుంటాడు." ముక్క ఒకటి మిరాన్ అన్నం మీద పెట్టింది. "సాయంత్రం ఎంతదాకా వచ్చిందని అడుగుతాడు. ఏం చెప్పను?"

"ఇరవై ఏడు దాకా వచ్చిందని చెప్పు."

"దుప్పటి సంగతో?"

"దుప్పటి ఆయన్నే ఉంచుకోమను," అంది మిరాన్, గళ్ళ కాగితం పక్కకు జరిపి చెంచా అందుకుంటూ.