వెనక కూర్చునే మనిషి

హెల్మెట్ అద్దానికి అంటుకుపోయిన పురుగుల్ని పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తీస్తోంది ఆమె. వారం వారం ఉండే పనే. ముందు గోరువెచ్చని నీళ్ళలో తడిపిన గుడ్డని కాసేపు అద్దం మీద పరిచి ఉంచాలి. అవి నానాక తీయాలి, తొందరపడితే గీతలు పడతాయి. గీతలు పడితే ఇంటాయన ఇల్లు పీకి పందిరేస్తాడు. పక్కన బకెట్లో అతని జాకెట్టు నానుతోంది. అతను సోఫాలో ఒక పక్కకి ఒత్తిగిలి పడుకుని ఫోన్ చూసుకుంటూ, "ఇక నావల్ల కాదోయ్. ఆ బండి సీటు మీద గంట కూర్చుంటే నడుం కింద ఒళ్ళు నాది కాకుండా పోతోంది. కంపెనీ వాడిచ్చింది పీకేసి వేరేది వేయించాలి. నీకు ఆఫీసులో ఖాళీయే కదా, మంచి సీటేదో చూసి పెట్టు" అన్నాడు.

ఆఫీసులో ఖాళీ అన్న మాటకి బ్రష్ ఒక్క క్షణం ఆగింది. నీటి సరఫరా సంస్థలో ఫిర్యాదులు వినే బల్ల ఆమెది. పొద్దున తగిలించుకున్న ఫోను సాయంత్రం తీసేసరికి చెవి కాలిపోతూ ఉంటుంది. కుళాయి రాలేదని ఒకరు, వచ్చింది కానీ వాసనేస్తోందని ఒకరు, ఏమీ తోచక ఊరికే తిట్టడానికి ఒకరు. "మీ ఇబ్బంది అర్థమైంది, రాసుకున్నాను" అనడమే ఆమె ఉద్యోగం. ఆమె కుర్చీకి ఒక చక్రం ఊడిపోయి ఏడాది దాటింది. మొన్న కొత్త కుర్చీలు వచ్చినప్పుడు, "మీరెలాగూ సర్దుకుంటారు కదమ్మా" అని పైఅధికారి వాటిని ఆమె తర్వాత చేరిన కుర్రాళ్ళకి ఇచ్చేశాడు. ఆమె సర్దుకుంది. ఇప్పుడు కూడా, ఖాళీ లేదని చెప్పడం కంటే సీటు చూడడమే తేలికనిపించి, "చూస్తాలెండి" అంది.

ఇంటాయన్ని బండ్ల గ్రూపులో అందరూ కెప్టెన్ అంటారు. వరసలో ముందు బండి అతనిదే. ఫోన్లో దారి చూసి కుడో ఎడమో చెవిలో అరిచేదీ, సామాన్ల బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదీ, దిగిన చోటల్లా ఫొటోలు తీసేదీ ఆమె. దూరప్రయాణాలకి ఎవరి భార్యల్ని వాళ్ళు వెంట తెచ్చుకోవాలని గ్రూపులో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. "ఆడవాళ్ళకి కూడా నాలుగు చోట్లు చూపించాలి కదండీ" అంటారు, అదేదో దానధర్మం చేస్తున్నట్టు. ఆమె ఆ నాలుగు చోట్లనీ కెప్టెన్ భుజం మీదుగా చూసింది. అదీ మలుపుల్లో, అతను కాస్త ఒరిగినప్పుడు.

సెలవుల్లో కొండల మీదుగా పది రోజుల ప్రయాణం ఖాయమైంది. ఈ సీటు గొడవంతా దానికోసమే.

అలా మొదలైన పని ఆమె మధ్యాహ్నపు భోజనాల వేళలన్నీ మింగేసింది. ఒక చేత్తో తింటూ, ఇంకో చేత్తో ఫోన్లో ఊరూ పేరూ తెలియని మగవాళ్ళు తమ పిర్రల గురించి రాసుకున్న పురాణాలు చదివేది. జెల్లు వేసిన సీటు మొదట్లో స్వర్గమేనట, ఎండలో మాత్రం పెనమేనట. గాలి నింపే మెత్త వేసుకుంటే బండి మీద పట్టు ఉండదట. కంపెనీ సీటు ముందుకి జారుతున్నట్టు వాలి ఉంటుంది కాబట్టి, మనిషి తనకి తెలియకుండానే ట్యాంకు మీదికి జారి, బరువంతా ఉండకూడని చోట మోస్తాడట. వెనక వైపు వెడల్పుగా, కూర్చునే ఎముకల కింద గట్టిగా, మధ్యలో చిన్న పల్లంతో ఉండేది మేలట. చదివి చదివి ఆమెకి తల పండిపోయింది. అన్ని వందల మందిలో వెనక కూర్చునే మనిషి సంగతి ఎత్తినవాడు ఒక్కడే కనపడ్డాడు. వాడు కూడా, కొత్త సీటు వేయించాక మా ఆవిడ సణుగుడు తగ్గింది అని రాసి, పక్కన నవ్వుతున్న బొమ్మ పెట్టాడు.

చివరికి ఊరి చివర, సీట్లు చేత్తో కోసి కుట్టిచ్చే మేస్త్రీ ఒకతను ఉన్నాడని ఆమే కనుక్కుంది. ఇద్దరూ కలిసి వెళ్ళారు. నాలుగు షెడ్ల మధ్య ఇరుకు గది, గాలి నిండా జిగురు వాసన, గోడలకి తగిలించిన రెక్సిన్ చుట్టలు. మేస్త్రీ కెప్టెన్‌ని బండి మీద కూర్చోబెట్టి, వెనక నుంచీ పక్క నుంచీ చూశాడు. "మెత్తగా ఉంటే సుఖమనుకుంటారు సార్. గంట దాటాక తెలుస్తుంది దాని సంగతి. మీకెక్కడ నొప్పి మొదలవుతుంది?" అనడిగాడు. కెప్టెన్ చెప్పాడు. ఎడమ వైపు ఎలా మొదలవుతుందో, తొడ లోపలికి ఎలా పాకుతుందో, ఎన్నో మైలురాయి దగ్గర తిమ్మిరిగా మారుతుందో, కవిత్వం చెప్పినట్టు చెప్పాడు. తన మొగుడికి ఒంటి మీద ఇంత ధ్యాస ఉందని ఆమెకి అప్పుడే తెలిసింది.

"అమ్మగారికి?" అన్నాడు మేస్త్రీ, ఆమె వైపు కాదు, అతని వైపు చూస్తూనే.

"తనకేముందయ్యా, ఊరికే కూర్చోడమేగా. బండి నడిపేది నేను. వెనకది ఉన్నట్టే ఉంచు."

ఆమె ఏదో చెప్పబోయి, జిగురు వాసనకి దగ్గొచ్చినట్టు కొంగుతో ముక్కు మూసుకుంది. ఏం చెప్పాలి? రెండో కాన్పు తర్వాత ఒంట్లో పట్టు తప్పిందనీ, ఎక్కువసేపు ఆపుకోకూడదని డాక్టరు చెప్పిందనీ, పరాయి మగాడి ముందు ఎలా చెప్పాలి? ఇంట్లో చెబితేనే దిక్కు లేదు. ఒకసారి చెప్పింది. కెప్టెన్ సావధానంగా విని, "అయితే నీళ్ళు కాస్త తగ్గించు" అన్నాడు. అత్తగారైతే బుగ్గలు నొక్కుకుంది. "మొగుడు షికారు తిప్పుతానంటే నొప్పులంటావేంటమ్మా! మీ మామగారి సైకిలు కూడా ఎక్కి ఎరగను నేను" అంది. ఆ మాటలో ఎంత అసూయ ఉందో, ఎంత దిగులుందో ఆమెకి అంతు చిక్కలేదు. గ్రూపులో దంతాల డాక్టరు భార్య ఒక్కతే ఒకసారి ఆడవాళ్ళ బాత్రూం గది బయట వరసలో నిలబడి చెవిలో చెప్పింది. "నేను ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానేస్తానండీ. అలవాటైపోయింది." ఇద్దరూ ఒకే దొంగతనంలో దొరికినవాళ్ళలా నవ్వుకున్నారు.

మేస్త్రీ ఒక సీటు తయారు చేసి, ఒక ఆదివారం తిప్పి చూసుకురమ్మని ఇచ్చాడు. ఎక్కడ ఒత్తుకుంటోందో తెలిస్తే అక్కడ చెక్కి, అప్పుడు పైన రెక్సిన్ కుడతాడట. ఆ ఆదివారం గ్రూపంతా బయలుదేరింది. ఆమె పొద్దున్నే లేచి అత్తగారికీ పిల్లలకీ రెండు పూటలకీ వండిపెట్టి, మూతలు పెట్టి, ఏది ఎక్కడుందో చెప్పి, గొంతు తడుపుకునేంత మాత్రం నీళ్ళు తాగి, వెనక ఎక్కి బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది. కెప్టెన్ మంచి హుషారు మీదున్నాడు.

మామూలుగా అయితే ముక్కాలు గంటకల్లా అతను ముందు కుడి వైపుకీ, తర్వాత ఎడమ వైపుకీ కదలడం మొదలుపెడతాడు. ఆ తర్వాత మూలిగి బండి పక్కకి తీస్తాడు. అతను దిగి ఒళ్ళు విరుచుకుంటుంటే ఆమె కూడా దిగి నడుం నిలబెట్టుకుని, టీ దుకాణం వెనకో పెట్రోలు బంకులోనో ఆడవాళ్ళ గది వెతుక్కుంటుంది. ఇన్నేళ్ళుగా ఇంతే. అందులో వింతేమీ ఆమెకి కనిపించలేదు. ఆ రోజు ముక్కాలు గంటైంది, గంటైంది, కెప్టెన్ కదల్లేదు. రాయిలా కూర్చున్నాడు. పెట్రోలు బంకులు ఒకదాని వెనక ఒకటి వెనక్కి వెళ్ళిపోతున్నాయి. ఆమె వాటిని మెడ తిప్పి మరీ చూసింది. అప్పుడు తెలిసొచ్చింది ఆమెకి. బండి ఎప్పుడూ తనకోసం ఆగలేదు. అతని నొప్పి కోసం ఆగేది. ఆ నొప్పి నీడనే తను ఇన్నేళ్ళూ ఇంత విశ్రాంతి తీసుకుంది. ఆ ఒక్క నొప్పినీ ఊరంతా వెతికి, చదివి, మేస్త్రీని పట్టుకుని, తన చేతులతో తనే నయం చేసి పెట్టింది.

భుజం మీద రెండుసార్లు తడితే ఆపమని గుర్తు. తట్టింది. అతను బొటనవేలు పైకెత్తి చూపించాడు. మళ్ళీ తట్టింది. ఈసారి వేలు ఇంకా పైకి లేచింది, బండి ఇంకాస్త జోరందుకుంది. చెవి దగ్గరికి వంగి అరిచింది. గాలి ఆ మాటని ఎత్తుకుపోయింది. పంటి బిగువున ఎంతసేపు కూర్చుందో తెలియదు. రోడ్డు మీద ఒక గతుకు వచ్చింది. ఆ తర్వాత ఇక ఆపుకోవలసింది ఏమీ లేకపోయింది.

కొండ కింద హోటలు ముందు అందరూ దిగారు. ఆమె బ్యాగులోంచి వానకోటు తీసి నడుముకి చుట్టుకుంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. "ఏవిటోయ్, వానెక్కడుంది?" అని కెప్టెన్ అందరికీ వినపడేలా అన్నాడు. అందరూ నవ్వారు. "మా ఆవిడకి ముందుజాగ్రత్త ఎక్కువలెండి. అది సరే, ఎక్కడా ఆగకుండా వచ్చాం చూశారా! సీటంటే ఇదీ!" అని సీటు మీద అరచేత్తో చరిచాడు. దంతాల డాక్టరు భార్య మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి ఏమీ అడక్కుండా ఆమె చేతిలో బ్యాగు అందుకుని, ఆడవాళ్ళ గది దాకా పక్కనే నడిచింది. ఆ గదిలో కుళాయి తిప్పి, బట్టలు తడుపుకుని పిండుకుంటూ ఆమె ఏడ్చింది. సిగ్గుతో కాదు. ఒళ్ళు మండి ఏడ్చింది. కొండల్లో పది రోజులు, ఈ సీటు మీద అతను ఇలాగే రాయిలా కూర్చుంటాడు.

ఇంటికొచ్చాక ఒక మంచి మాటకి చోటుందేమోనని చూసింది. "ఏవండీ, నేను తడితే ఎందుకు ఆపలేదు?" అంది.

"మెచ్చుకుంటున్నావనుకున్నా."

"ఆపమన్నాను."

"సర్లే, ఇప్పుడేమైందని? చేరాంగా" అన్నాడు. ఆ తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "కుడి వైపు ఒక్క పిసరు ఎత్తుగా ఉంది. నాకు రేపంతా మీటింగులు. సీటు పట్టుకెళ్ళి నువ్వే చెప్పి చేయించుకురా. నా సీటు సంగతి నాకంటే నీకే బాగా తెలుసు" అన్నాడు. ఆ మాట మాత్రం నిజం.

మర్నాడు ఆఫీసులో సగం రోజు సెలవు అడిగితే పైఅధికారి మొహం చిట్లించుకునే ఇచ్చాడు. సీటుని పాత దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళింది. మేస్త్రీ దాన్ని బల్ల మీద పెట్టి కుడి వైపు చెక్కాడు, అరచేత్తో నిమిరి చూశాడు, మళ్ళీ చెక్కాడు. ఆమె పక్కన నిలబడి, ఇంకొంచెం, ఇక చాలు అని చెప్పింది. అంతా అయ్యాక, "వెనకది ఉన్నట్టే ఉంచమన్నారు సారు. అలాగే కుట్టెయ్యనా?" అన్నాడు.

ఆమె ఆ వెనక ముక్క వైపు చూసింది. వెడల్పు ఆమె జానెడు కంటే కాస్త ఎక్కువ, అంతే. అంచు అరిగి ఒక పక్కకి నలిగిపోయి ఉంది. ఇన్నేళ్ళు ఆ కాస్త చోటులో కూర్చుని, పడిపోకుండా ఉండడమే తన పనిగా బతికినందుకు ఆమెకి తన మీద తనకే జాలేసింది. మెత్తగా చేయించుకోవచ్చు. వెడల్పు పెంచమనొచ్చు. అయినా ఆపేది అతనేగా, తట్టేది తనేగా.

"వెనకది అసలు లేకుండా చేస్తారా?" అంది.

"చేస్తాం. ఒక్కళ్ళే తిరిగేవాళ్ళు చేయించుకుంటారు. ఆ చోట సామాన్లకి ఇనప చట్రం బిగిస్తాం." మేస్త్రీ చేతిలో కత్తి ఆగింది. "సారు ఒప్పుకున్నారా అమ్మా?"

"సీటు చూడమన్నది ఆయనే. చూశాను. కోసెయ్యండి."

బస్సులో తిరిగొస్తున్నంతసేపూ జరగబోయేదే కళ్ళ ముందు ఆడింది. అరుస్తాడు. అత్తగారు దీర్ఘాలు తీస్తుంది. గ్రూపులో అందరి భార్యలూ ఉండి తన బండి వెనక ఎవరూ లేకపోతే కెప్టెన్‌కి తలకొట్టేసినట్టుంటుంది, ఆ కసి నెలల తరబడి ఇంట్లో తిండి దగ్గరా పడక దగ్గరా తీర్చుకుంటాడు. అతను మొదట అడిగేది "మరి నువ్వెక్కడ కూర్చుంటావ్?" అనే కదా. ఆ ప్రశ్నకి ఏం చెప్పాలో దారంతా లోలోపల కూడబలుక్కుంది. అన్నీ చెప్పాలి. డాక్టరు చెప్పింది, వానకోటు ఎందుకు చుట్టుకుంది, అన్నీ. ఆ ఒక్క ప్రశ్న నిజంగా అడిగితే, ఒకవేళ దగ్గర కూర్చుని వింటే, ఏమో, మళ్ళీ మేస్త్రీ దగ్గరికి వెళ్ళినా వెళ్తుందేమో. ఆ ఆశ ఇంకా చావనందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

సాయంత్రం మేస్త్రీ పంపిన కుర్రాడు సీటూ చట్రమూ బిగించి వెళ్ళాక, కెప్టెన్ ఆఫీసు నుంచి వస్తూనే వెనక వైపు చూడకుండా బండెక్కి కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని, ప్రాణం లేచొచ్చినట్టు ఊపిరి వదిలాడు. "అబ్బ! దీని మీద దేశం చివరిదాకా పోవచ్చోయ్!" అని చెయ్యి వెనక్కి పెట్టాడు. చేతికి ఇనుము తగిలింది. తల తిప్పి చూశాడు, చట్రాన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. గుమ్మంలో అత్తగారు ముక్కున వేలేసుకుంది. ఆమె ఆ ప్రశ్న కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

"ఇదేంటి?" అన్నాడు కెప్టెన్. "మరి దారెవరు చూస్తారు? బ్యాగెవరు పట్టుకుంటారు?"

భయం ఒక్కసారిగా వదిలిపోయింది. దారంతా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటి కూడా చెప్పాలనిపించలేదు.

"బ్యాగు ఆ చట్రం మీద పెట్టుకోండి. దారి ఫోను చెబుతుంది" అంది. "నేను రావట్లేదు."