ఢిల్లీయా, హైదరాబాదా

పైడయ్య కూతురికి ఒకటి కాదు, రెండు సీట్లు వచ్చాయి. ఎమ్మే అంతర్జాతీయ సంబంధాలు. ఒకటి ఢిల్లీలో, ఒకటి హైదరాబాదులో. జగదల్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఆ చదువు పేరు తడబడకుండా పలికినవాళ్లు ఇద్దరో ముగ్గురో. అది చదివితే ఏ ఆఫీసులో కూర్చోబెడతారని అడిగినవాళ్లు మాత్రం లైను పొడుగునా ఉన్నారు.

ఎందుకు చదవాలో కరుణశ్రీకి చిన్నప్పుడే తెలుసు. ఇంటి వెనకనే కిరందుల్ లైను. కొండ తవ్వి తీసిన ఇనుప ఖనిజం నింపుకున్న వ్యాగన్లు విశాఖ దాకా వెళ్లి, ఓడలెక్కి పై దేశాలకు పోతాయని నాన్నే చెప్పాడు. ఆయన పాయింట్స్‌మన్, ఆ బళ్లకు పట్టాల మీద దారి మార్చేవాడు. ఈ కొండని ఎవరికివ్వాలో ఎవరు కూర్చుని మాట్లాడుకుంటారు నాన్నా అని తొమ్మిదేళ్లప్పుడు అడిగింది. ఆయన తెలీదన్నాడు. తండ్రికి తెలీనిది తెలుసుకోవాలనే ఈ పిల్ల పంతం.

సీటు ఖాయం చేసుకోవడానికి రెండుచోట్లా జూన్ ఇరవైదాకా గడువు. పైడయ్య రోజూ డ్యూటీ దిగి, టీ గ్లాసుతో గుమ్మంలో కూర్చుని, "ఇయ్యాల ఏటనుకున్నావమ్మా, ఢిల్లీయా, హైదరాబాదా?" అని అడిగేవాడు. ఆమె పూసగుచ్చినట్టు చెప్పేది. హైదరాబాదైతే భాష మనదే, తిండి మనదే. ఢిల్లీలో అన్ని దేశాల రాయబార కార్యాలయాలూ ఉన్నాయి, పాఠాలు చెప్పేవాళ్లలో కొందరు ఒప్పందాలు రాసినవాళ్లు. ఆయన తలూపుతూ వినేవాడు. అక్కడ చలెక్కువ, మంచి రగ్గు చూడాలని కూడా అన్నాడొకసారి. ఇవాళే తేల్చేస్తానంటే మాత్రం, తొందరేటి, గడువుంది కదా అనేవాడు. పక్కన కూర తరుగుతున్న తల్లి దేవుడమ్మ తలెత్తేది కాదు.

ఒక్క సంగతే ఆమెకు వింతగా తోచింది. నాన్నకు చూపు మందగించి నాలుగేళ్లయింది. రైల్వేవాళ్ల కంటి పరీక్ష వచ్చినప్పుడల్లా, గోడమీది అట్టలో ఉండే అక్షరాలను వరసకు వరస ఆమే బట్టీ పట్టించేది. రెండుసార్లు అలాగే గట్టెక్కాడు. అది తప్పని ఇద్దరికీ తెలుసు, ఆ గుట్టు ఇద్దరి మధ్యనే ఉంది. ఈసారి పరీక్ష దగ్గరపడినా ఆయన ఆ ఊసెత్తలేదు.

ఇరవయ్యో తేదీ పొద్దున ఆమె ఢిల్లీ అని తేల్చుకుంది. నాన్న డ్యూటీలో ఉన్నాడు. ఓటీపీ ఆయన ఫోనుకే వస్తుంది, ఫోన్ చేసి అడగొచ్చులే అనుకుని బజారులో ఉమేష్ ఆన్‌లైన్ దుకాణానికి వెళ్లింది. మొదట ఆమె ఫారాలు నింపిందీ అతనే. అతను ఆమె ముఖంలోకి వింతగా చూశాడు. దీదీ, మీ నాన్న పన్నెండో తారీకునే వచ్చి, మీరు వద్దనుకున్నారని చెప్పి, రెండు సీట్లూ వదిలేయించారు కదా అన్నాడు. ఆమె నమ్మలేదు. మూడుసార్లు తెరిపించి చూసింది. మూడుసార్లూ అదే కనబడింది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సీట్లు పోయినందుకు ఆమెకు ఏడుపొచ్చింది, నిజమే. కానీ పన్నెండో తేదీ నుంచి ఎనిమిది సాయంత్రాలు గడిచాయి. ఆ ఎనిమిదిరోజులూ ఆయన టీ తాగుతూ అదే ప్రశ్న అడిగాడు, రగ్గు మాట ఎత్తాడు. అది తలుచుకుంటేనే ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం ఆయన వచ్చేసరికి గుమ్మంలో ఆమే కూర్చుని ఉంది. సంగతి తెలిసిపోయిందని ఆయనకు అర్థమైంది. సంచిలోంచి ఒక ఫారం తీసి ఆమె ముందు పెట్టాడు.

"కళ్లు పోనాయమ్మా. ఈసారి పరీచ్చ నెగ్గను. అన్‌ఫిట్ అని రాస్తే పిల్లల్లో ఒకరికి నౌకరీ ఇస్తారంట. నీ తమ్ముడు చినబాబు పదో తరగతే దాటనేదు. నువ్వు సేరితే ఈ క్వార్టరు నిలుస్తాది."

ఈ మాట పన్నెండో తేదీన చెప్పి ఉంటే, ఒకరోజు ఏడ్చి, ఆమే సీటు వదులుకునేదేమో. వదులుకునే హక్కు కూడా ఆయన ఆమెకు మిగల్చలేదు.

"మరి రోజూ ఎందుకడిగినావు నాన్నా, ఢిల్లీయా, హైదరాబాదా అని?"

పైడయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు సెప్తంటే ఇనడానికి బాగుండేదమ్మా."

ఆమె ఫారం తీసుకుని, హిందీలో ఉన్న చివరి వాక్యాన్ని ఆయనకు తెలుగులో చదివి వినిపించింది. ఈ ఉద్యోగాన్ని నేను నా ఇష్టపూర్వకంగా కోరుతున్నాను అని ఉంది.

"నా ఇష్టమేటో నువ్వే తేల్చేసినావు కదా నాన్నా. సంతకం కూడా నువ్వే పెట్టెయ్."

పెన్ను ఆయన చేతిలో పెట్టింది. పైడయ్య కాగితం మీదికి బాగా వంగాడు. సంతకం ఎక్కడ పెట్టాలో ఆయనకు కనబడలేదు. ఎప్పుడూ ఆమే వేలుపెట్టి చూపించేది. ఈసారి చూపించలేదు.